దొరబాబు గారి మెరక

రమణి అడిగింది మేడా కాదు, మిద్దే కాదు. సొంత వంటగది. పెళ్లయిన దగ్గర్నుంచీ బావగారింట్లో వెనక వాటాలో కాపురం. పొయ్యి ఒకటే, దాని మీద పెత్తనం తోడికోడలు సూర్యకాంతానిది. పప్పులో ఎన్ని మిరపకాయలు వెయ్యాలో కూడా ఆవిడే గుమ్మంలోంచి తొంగిచూసి చెప్పేది.

అందుకే మొగుడు దొరబాబు అమలాపురం శివార్లో స్థలం కొన్నాడనగానే రమణి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. చవగ్గా వచ్చింది మరి! ఎందుకు చవకో తర్వాత తెలిసింది. నిన్నటిదాకా అది వరిచేను, నల్లమట్టి, రోడ్డుకి నడుంలోతు పల్లం. వాస్తు పంతులుగారిని పిలిచి గుమ్మం ఎటు, మెట్లు ఎటు అని అంగుళాలతో సహా అడిగిన మహానుభావుడు, వానొస్తే నీళ్లెక్కడ నిలుస్తాయో మాత్రం ఎవర్నీ అడగలేదు.

కోనసీమలో ఇల్లంటే ముందు మెరక. మట్టి తోలించి స్థలం ఎత్తు పెంచాలి. దొరబాబు రోడ్డుకి సమంగా పెంచాడు. పక్కస్థలం త్రిమూర్తులు తనది ఇంకో జానెడు పెంచాడు.

"ఆయన వాననీళ్లు మన స్థలంలోకా? నా కంఠంలో ప్రాణముండగానే!" అని దొరబాబు మూరెడు పెంచాడు. త్రిమూర్తులు ఊరుకుంటాడా? వానాకాలం వచ్చేసరికి అడుగున నల్లమట్టి నాని, ఇద్దరి మెరకా దిగబడింది. ఇద్దరూ మళ్లీ తోలించారు.

ట్రాక్టరు వచ్చినప్పుడల్లా ఆ ఖర్చుకి ప్లానులో ఒక గది మాయమయ్యేది. ముందు పై అంతస్తు మట్టయింది. తర్వాత హాలు. తర్వాత దేవుడి గది. "దేవుడికి అలమరా చాలదాండీ?" అని రమణే సర్దిచెప్పుకుంది. వంటగది జోలికి రానంతవరకూ ఆవిడకి ఏదైనా సమ్మతమే.

చివరికి ఇంజినీరు విజయకుమార్ వచ్చాడు.

"మట్టి పరీక్ష చేయించేరాండీ?"

"మట్టికి పరీక్షేంటండీ? అదేమన్నా టెన్తు చదువుతోందాండీ?"

"అడుగునంతా బంకమన్నండీ. ఎంత పోసినా దిగుతానే ఉంటాది. గట్టి నేల తగిలేదాకా కాంక్రీటు పైల్స్ దింపి, స్తంభాల మీద కట్టుకోవాలండీ. మీరు మట్టికి పెట్టిందాంట్లో సగంతో అయిపోయేదండీ."

దొరబాబుకి ఒళ్లు మండింది. "పుస్తకాల ఇంజినీరు!" అని పంపించేశాడు. ఆ పుస్తకాల ఇంజినీరునే పక్కన త్రిమూర్తులు కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాడు. మట్టి తోలడం మానేసి స్తంభాలు లేపాడు. "కొంగకాళ్ల కొంప" అని దొరబాబు ఊరంతా నవ్వాడు, గృహప్రవేశం పిలుపు వచ్చేదాకా.

ఆ భోజనాలకి వెళ్లిన రమణి త్రిమూర్తులు పెళ్లాం వంటగదిలో పప్పుల డబ్బాలన్నీ చూసింది. ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చింది. కుళ్లే. కుళ్లు కాక ఇంకేమిటి?

ఇంతలో పంచాయతీవాళ్లు రోడ్డెత్తు పెంచారు. దొరబాబు చెయ్యి వెంటనే ఫోను మీదికి పోయింది.

"ఏవండీ, ఈసారి ఏ గదండీ?"

దొరబాబు గొంతు సవరించుకున్నాడు. "వంటగది కాస్త చిన్నది చేసుకుందాం."

రమణి మర్నాడు ట్రాక్టరు వెన్నంటే ఆటోలో దిగింది. మెరక నడిమధ్య, ప్లానులో వంటగది గీసినచోట, మూడు ఇటికలు పేర్చింది. ఎండు కొబ్బరి డొక్కలు రాజేసి, అన్నానికి ఎసరు పెట్టింది. మిరపకాయలు తనకి తోచినన్ని వేసుకుని పప్పు వండింది.

డ్రైవరు వెంకన్న హారన్ కొట్టాడు. "అమ్మగారూ, కాస్త జరగండి, మట్టి దింపాలి!"

"దింపు నాయనా. నా పొయ్యి మీదే దింపు. అదొక్కటే మిగిలిందిగా!"

రోడ్డు మీద జనం ఆగారు. కొంగకాళ్ల మేడ మీంచి త్రిమూర్తులు దంపతులు తొంగిచూశారు. మట్టి దింపించడానికి వచ్చిన దొరబాబు పళ్లు నూరాడు. "లే, పరువు తీస్తున్నావు!"

"ఆయ్, మన పరువు మీద ఎన్ని ట్రాక్టర్లు పోసినా దిగుతానే ఉంటాదండీ. కూర్చోండి, అన్నం చల్లారిపోద్ది."

ఏం చెయ్యాలో తెలియక దొరబాబు కూర్చున్నాడు. ఆవిడ ఆకేసి వడ్డించింది. మొదటి ముద్దకే కళ్లలో నీళ్లు తిరిగాయి. కారం ఎక్కువైంది. అయినా కిక్కురుమనకుండా ఆకు ఖాళీ చేశాడు.

చెయ్యి కడుక్కుని వెంకన్న దగ్గరికి వెళ్లాడు.

"ఈ మట్టి వెనక్కి పట్టుకుపోరా," అన్నాడు నెమ్మదిగా. "ఆ పుస్తకాల ఇంజినీరు ఇల్లెక్కడో తెలుసా నీకు?"