అమ్ముడుపోని కుర్చీలు

మా ఫుట్‌బాల్ క్లబ్బును ఒక కోటీశ్వరుడు కొన్నాడని పేపర్లో పడిన రోజు, దర్జీ తన షాపు ముందు నిలబడి దారిన పోయేవాళ్ళకు కూడా టీ ఇప్పించాడు. ఇరవై రెండేళ్ళుగా రెండో డివిజన్లో కిందా మీదా పడుతున్న జట్టు మాది. అలాంటి జట్టుకు ఓడలూ సిమెంటూ హోటళ్ళూ ఉన్న ఆసామి దొరికితే సంబరం కాదూ మరి.

"ఇక మన దశ తిరిగినట్టే అక్కా," అన్నాడు దర్జీ.

"తిరిగింది క్లబ్బు దశ. నువ్వు గుండీలు కుట్టుకుంటూనే ఉంటావు," అన్నాడు బస్సు డ్రైవరు.

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. లోపల మాత్రం ఏదో మూల పీకుతూనే ఉంది. మంచి వార్త విన్నా నాకు ముందు భయమే వేస్తుంది.

స్టేడియంలో తూర్పు స్టాండు, పదకొండో వరస, సరిగ్గా మధ్య గీతకు ఎదురుగా ఐదు చెక్క సీట్లు మావి. ఈ చివర నేను. నా పక్కన ప్లంబరు. ఒకప్పుడు అది మా ఆయన సీటు. ఆయన పోయాక ప్లంబరుకు ఇప్పించింది నేనే. ఆ పక్కన దర్జీ, తర్వాత పళ్ళ డాక్టరమ్మ, ఆ చివర డ్రైవరు. డ్రైవరును మేం హారన్ అంటాం. ఆయన అరిస్తే అవతలి జట్టు గోల్‌కీపర్ కూడా తలెత్తి చూస్తాడు.

దర్జీ, ప్లంబరు వరసకు బావ, బామ్మర్ది. ఆరేళ్ళ కిందట ఒక పెళ్ళిలో మాటా మాటా పెరిగి రెండిళ్ళ మధ్య రాకపోకలు తెగిపోయాయి. వీధిలో ఎదురైతే ఒకాయన ఆకాశం చూస్తాడు, ఇంకొకాయన చెప్పులు చూసుకుంటాడు. పదకొండో వరసలో కూర్చుంటే మాత్రం తొంభై నిమిషాలూ "బావా ఆఫ్‌సైడు", "నీ మొహం ఆఫ్‌సైడు" అంటూ ఒకే పొట్లంలో వేరుశనగలు తింటారు. ఆఖరి విజిల్ పడగానే ఒకాయన ఎడమ గేటు, ఒకాయన కుడి గేటు.

మా వరసకు ఒక కట్టుబాటు ఉంది. మనసులో ఏం కోరుకున్నా దాన్ని పైకి అనకూడదు, అంటే జరగదు. ఒకసారి హారన్ నోరు జారి "ఇవాళ మనదే" అన్నాడు. అన్న ఐదు నిమిషాలకే మనవాళ్ళు సొంత గోల్లో బంతి వేసుకున్నారు. డాక్టరమ్మ ఆయన్ని హాఫ్‌టైమ్ దాకా మెట్ల మీద నిలబెట్టింది. అప్పట్నించీ మేం అన్నీ తలకిందులుగానే చెప్పుకుంటాం. "నాలుగు గోల్స్ తిని ఇంటికి పోతాం" అని ఒకరంటే, "ఐదు" అని ఇంకొకరు.

కొత్త యజమాని డబ్బు వెదజల్లాడు. ఒక ఫార్వర్డ్ ఆటగాణ్ణి ఎంతకు కొన్నాడో పేపర్లో చదివితే సున్నాల దగ్గర నా వేలు ఆగిపోయింది. "ఆ డబ్బుతో నూలు కొంటే భూగోళానికి చొక్కా తొడగొచ్చు," అన్నాడు దర్జీ. ఆ కుర్రాడికి కోట్లబాబు అని పేరు పెట్టాం. అతను రావడానికి చోటు కావాలి కదా, మన పాత వాళ్ళలో ఆరుగురిని అమ్మేశారు. పన్నెండేళ్ళు మా గోలు కాచిన వాడు కూడా అందులో ఉన్నాడు. ఆ ఫొటో ఉన్న పేజీని నేను మడిచి అలమరలో పెట్టాను. ఎవరు ఎక్కడికి వెళ్ళినా నాకు పడదు. మా ఇంట్లో ఎవరైనా ప్రయాణమైతే నేను వీధిలోకి రాను, వంటింట్లో కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతూ ఉంటాను.

ఆ తర్వాత మా తూర్పు స్టాండును పడగొట్టారు. ఆ చోట మెత్తటి ఎర్ర కుర్చీలు, వెనకాల అద్దాల గదులు కట్టారు. పాత సీట్లవాళ్ళందరికీ ఉత్తరాలు వచ్చాయి.

ఐదుగురం డాక్టరమ్మ క్లినిక్‌లో చేరాం. అది బావకూ బామ్మర్దికీ చెందని చోటు. ప్లంబరు పళ్ళు పీకే కుర్చీలో పడుకున్నాడు, దర్జీ రోగుల బెంచీ మీద కూర్చున్నాడు. ఉత్తరాలు చదవడం నా పని. నలభై ఏళ్ళ వయసులో ఆటల పేజీ ముందేసుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కుని నేర్చుకున్నదాన్ని, ఆ పని ఇంకెవరికీ ఇవ్వను.

కంప్యూటర్ మాకు కొత్త సీట్లు పంచింది. నాకు ఉత్తరం వైపు, పైన. దర్జీకి దక్షిణం చివర. డాక్టరమ్మకు పడమర. ప్లంబరు ఒక మూల, హారన్ ఇంకో మూల. ఎవరైనా మార్చుకోవాలంటే నెలాఖరు లోపు కౌంటర్ దగ్గర ఒక్కసారి మార్చుకోవచ్చని కింద రాసి ఉంది.

చదవడం అయింది.

"మంచిదే," అంది డాక్టరమ్మ. "నా చెవులు బాగుపడతాయి."

"మూల సీటంటే గాలి బాగా తగులుతుంది," అన్నాడు హారన్.

"అక్కా, మీ పక్క సీటాయనకు చెప్పండి, నాకు పీడా వదిలిందని," అన్నాడు దర్జీ.

"ఆ బెంచీ మీదాయనకు చెప్పండి, నా వేరుశనగలు నాకు మిగులుతాయని," అన్నాడు ప్లంబరు కప్పు వైపు చూస్తూ.

నేనూ "అయితే సరే," అని ఉత్తరాలు మడిచి ఎవరివి వాళ్ళకిచ్చాను.

రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు తెల్లారగానే కౌంటర్ దగ్గరికి వెళ్ళాను. దారిలో బాగా ఆలోచించుకున్నాను. బావ ఎక్కడుంటే బామ్మర్ది అక్కడికి చేరతాడు, పైకి ఏమన్నా సరే. వాళ్ళిద్దరి పోట్లాట లేకుండా డాక్టరమ్మ ఉండలేదు. ముగ్గురూ ఉన్నచోటికి హారన్ రాక తప్పదు. కాబట్టి నేను దర్జీ దగ్గరికి వెళ్ళాలి.

"దక్షిణం వైపు ఏదైనా ఇప్పించమ్మా," అన్నాను కౌంటర్లోని అమ్మాయితో.

"మీ అదృష్టం బామ్మా, ఇప్పుడే ఒకటి ఖాళీ అయింది!"

కొత్త కార్డు జాకెట్లో దాచుకుని ఇంటికొచ్చాను. కట్టుబాటు ఉంది కదా, ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదు.

సీజన్ మొదటి మ్యాచు రోజు గంట ముందే వెళ్ళి కూర్చున్నాను. అటు ఇటు చూశాను. అటు ఒక కొత్త జంట, ఇటు మెట్లు. దర్జీ జాడ లేదు. ఆట మొదలవుతుందనగా ఫోను మోగింది.

"అక్కా, ఎక్కడున్నావు? నీ సీట్లో మా బామ్మర్ది కూర్చున్నాడు! తనదేనంటూ కార్డు చూపిస్తున్నాడు!" అన్నాడు దర్జీ.

"నువ్వెక్కడున్నావురా?"

"ఎక్కడేంటి, ఉత్తరం వైపు! నీ దగ్గరికని మార్చుకున్నాను. డాక్టరమ్మా అంతే, హారనూ అంతే. నలుగురం ఇక్కడ ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకుంటున్నాం. నువ్వెక్కడ?"

"నేను దక్షిణం చివర ఉన్నాను. నీ పక్కన కూర్చుందామని."

"నా పక్కన నేనే లేను కదక్కా! నీ సీటు నంబరెంత?"

"రెండు వందల ఆరు."

"అది నేను వదిలేసిన సీటే," అన్నాడు నీరసంగా.

నాకు నవ్వు ఆగలేదు. పక్కనున్న జంట కంగారుపడి నీళ్ళసీసా ఇచ్చారు. ఇంతలో మైదానం దాటుకుని ఫోను అక్కర్లేని గొంతు ఒకటి వచ్చింది: "పెద్దమ్మా!" గీత పక్కన జెండా పట్టుకున్న లైన్స్‌మన్ తిరిగి చూశాడు.

చెయ్యి ఊపాను. ఎదురుగా నాలుగు చుక్కలు కూడా చెయ్యి ఊపాయి. ఆ నలుగురినీ ఆవగింజలంత దూరాన చూశాక నవ్వు ఎక్కడికి పోయిందో పోయింది. కౌంటర్ మూసేశారు. మళ్ళీ మార్చుకోవాలంటే వచ్చే ఏడాదే. నా వయసులో వచ్చే ఏడాది అన్న మాట చాలా పెద్ద మాట. కళ్ళద్దాలు తుడుచుకుని ఆట చూడబోయాను. ఏదీ కళ్ళకు ఆనలేదు.

ఇరవై నిమిషాలు గడిచాక కోటు వేసుకున్న ఒకాయన చెవిలో వైరుతో, చెమటలు కక్కుతూ మెట్లెక్కి వచ్చాడు. జనాన్ని అటూ ఇటూ చూసి నా దగ్గర వంగాడు.

"అమ్మా, ఒక్కరేనా? ఆ ఎర్ర కుర్చీల్లో కూర్చుంటారా? ఊరికే, డబ్బులేం అక్కర్లేదు."

అప్పుడు చూశాను. మా పాత తూర్పు స్టాండు చోట, మధ్య గీతకు ఎదురుగా, మూడొందల మెత్తటి కుర్చీలు. ఒక్క మనిషి లేడు. కుర్చీ ధర విని ఎవరూ కొనలేదట. టీవీ కెమెరా మాత్రం అటే చూస్తుంది. బంతి ఎటు పోయినా వెనకాల ఖాళీ కుర్చీలే కనిపిస్తున్నాయి. అద్దాల గదిలోంచి యజమాని రెండు నిమిషాలకోసారి ఈయన చెవిలో అరుస్తున్నాడు.

"తొందరగా అమ్మా. జట్టు మఫ్లర్ వేసుకున్నారు, టీవీలో బాగుంటారు."

కోటు వేసుకున్న మనిషితో బేరం ఆడడం నా జన్మలో లేదు. బ్యాంకులో పెన్ను అడగాలన్నా నాకు చెమట పడుతుంది. అయినా మఫ్లర్ సర్దుకుని అన్నాను, "నేను ఒక్కదాన్నే రాను. నలుగురున్నారు."

"సరే, పిలవండి. ఎక్కడ?"

"ఉత్తరం చివర."

"అమ్మో! మొత్తం గ్రౌండు చుట్టి రావాలి! వీలుకాదమ్మా. మీరు రండి చాలు."

"అయితే నేనూ వద్దు నాయనా. ఇక్కడ గాలి బాగా తగులుతోంది."

ఆయన చెవిలో వైరు కీచుమంది. ఆయన కళ్ళు మూసుకుని, "ఎవరా నలుగురు?" అన్నాడు.

"ఒక బావ, ఒక బామ్మర్ది, ఒక బస్సు డ్రైవరు, ఒక పళ్ళ డాక్టరు."

ఆయన నన్ను ఒకసారి, ఖాళీ కుర్చీలను ఒకసారి చూశాడు. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని వైరులో ఏదో చెప్పాడు. "రమ్మనండి," అన్నాడు నాతో.

స్టాండు కింద సిమెంటు నడవాలో కలుసుకున్నాం. వాళ్ళు పరుగెత్తుకొచ్చారు. ముందు హారన్, వెనకాల చెప్పులు చేత్తో పట్టుకుని డాక్టరమ్మ, ఆ వెనక రొప్పుతున్న దర్జీ, అతని చెయ్యి పట్టుకుని లాగుతూ ప్లంబరు. "నడువు బావా, నువ్వు బట్టలు కుట్టినట్టు నడిస్తే సీజన్ అయిపోతుంది!" ఐదుగురం ఒకళ్ళ మీద ఒకళ్ళం పడ్డాం. సరిగ్గా అప్పుడు పైన కప్పు ఎగిరిపోయేంత అరుపు.

హారన్ అలాగే ఆగిపోయాడు. "గోలా? మనదా?"

మనదే. కోట్లబాబు కొట్టాడు. అన్ని కోట్లు పోసి కొన్న వాడి మొదటి గోలు స్టేడియంలో అందరూ చూశారు, మేం ఐదుగురం తప్ప. "నీ వల్లే," అంటే "నీ వల్లే" అని బావా బామ్మర్దులు తగువుకు దిగారు. నాకు ఆ తగువు ఎంత తియ్యగా వినబడిందో చెప్పలేను.

ఎర్ర కుర్చీల్లో కూర్చుంటే నడుము దాకా దిగబడిపోయాం. నేను ఈ చివర, హారన్ ఆ చివర. ప్లంబరు పొట్లం విప్పాడు.

హాఫ్‌టైమ్‌లో యజమాని స్వయంగా కిందికి దిగి వచ్చాడు. సన్నటి మనిషి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు. పాపం, ఆ అద్దాల వెనక ఒక్కడే కూర్చున్నాడు.

"సీట్లు ఎలా ఉన్నాయమ్మా?"

"మెత్తగా ఉన్నాయి బాబూ. కానీ ధర..."

ప్లంబరు నా కాలు తొక్కాడు.

"ఎక్కువంటారా? తగ్గించమని మావాళ్ళూ పోరుతున్నారు," అన్నాడాయన దిగులుగా.

"అబ్బే!" అన్నాడు హారన్ ఆత్రంగా. "ఎక్కువేంటి సార్! ఇంత చూపుకి, ఇంత మెత్తదనానికి తక్కువే! ఇంకాస్త పెంచండి!"

"గుడ్డ నాణ్యత చూస్తేనే తెలుస్తోందండీ," అన్నాడు దర్జీ కుర్చీని నిమురుతూ.

ఆయన మొహం వెలిగిపోయింది. మా నాణ్యత గ్రహించే మనుషులు మీరే అని అందరికీ చెయ్యి కలిపి వెళ్ళాడు. ఇవి అమ్ముడయ్యేదాకా ప్రతి మ్యాచుకూ వీళ్ళనే కూర్చోబెట్టమని కోటాయనకు చెప్పి మరీ వెళ్ళాడు.

రెండు ఒకటితో గెలిచాం. ఆ కుర్చీలవాళ్ళకు బయటికి ఒక్కటే దారి, తివాచీ పరిచినది. కుడీ లేదు, ఎడమా లేదు. బావ, బామ్మర్ది భుజాలు రాసుకుంటూ నడిచారు. వీధి మలుపు దాకా వాళ్ళ వాదన నాకు వినబడుతూనే ఉంది.

యజమాని మా మాట విన్నాడు, ధర పెంచాడు. పేపర్లో ఊరంతా దుమ్మెత్తి పోసింది. నేను ఆ వార్తను నలుగురికీ ఫోన్లో రెండేసి సార్లు చదివి వినిపించి, చల్లగా ఉండు నాయనా అనుకున్నాను.

ఏడు మ్యాచులు అయ్యాయి. నా భయం పూర్తిగా పోలేదు. లోపలికి రాగానే మైదానం కన్నా ముందు ఆ కుర్చీలనే చూస్తాను, ఎవరైనా కొన్నారేమోనని. పోయిన మ్యాచుకు ఖరీదైన బట్టలు వేసుకున్న దంపతులు కోటాయనతో మా వరస దగ్గరికి రానే వచ్చారు. ఆవిడ కుర్చీ మీద చెయ్యి వేసి చూసింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"కూర్చోండమ్మా, కూర్చోండి," అన్నాడు దర్జీ మర్యాదగా. "మెడ పట్టేస్తుంది గానీ, వారంలో తగ్గుతుంది."

"చలికాలంలో పై నుంచి చుక్కలు పడతాయి. పైపు సంగతి నాకు తెలుసు, నేను ప్లంబర్ని," అన్నాడు ప్లంబరు.

"పంటి నరాలకు ఈ గాలి అస్సలు మంచిది కాదు," అంది డాక్టరమ్మ.

మైదానంలో అప్పటికింకా ఆటగాళ్ళెవరూ లేరు. గడ్డికి నీళ్ళు పట్టే పైపు ఒక్కటే తిరుగుతోంది. దాన్ని చూసి హారన్ లేచి నిలబడి, ఛాతీ నిండా గాలి పీల్చుకుని, కప్పు అదిరేలా "రిఫరీ!" అని అరిచాడు.

దంపతులు తివాచీ దారిన వెళ్ళిపోయారు. ప్లంబరు పొట్లం నా వైపు జరిపాడు.