గాజులు తీసి గ్లౌజులు

"ఇంద్రజా, పాలూ!"

మా అత్తగారు అనసూయమ్మగారు బాల్కనీలోంచి కేకేసేసరికి నేను బాత్రూమ్‌లో బట్టలు పిండుతున్నాను. తడి చేతులతో పరుగెత్తి, పొంగు గిన్నె అంచు దాటేలోగా స్టవ్ ఆపాను. వంటింటి గుమ్మం పక్కనే సోఫాలో పేపరు చదువుతున్న మా ఆయన సుధీంద్ర కాలైనా కదపలేదు.

పాలపొంగు ఆపడమూ గోల్ ఆపడమూ ఒకటే. ఆపినన్నాళ్లూ ఎవరికీ కనపడం. ఒక్కసారి దాటిపోయిందా, లోకమంతా మన వంకే చూస్తుంది. లోకమంటే వసంత్ కుంజ్‌లో మా బ్లాకు. నేను ఫుట్‌బాల్ గోల్‌కీపర్నని తెలిసిన తెలుగు ఆంటీలు నన్ను 'గోలకీపర్' అంటారు. తప్పేముంది? మైదానంలో గోలు కాస్తాను, ఇంట్లో గోల కాస్తాను. మొదటిదానికి, ఆటల కోటాలో నన్ను తీసుకున్న ప్రభుత్వ డిపార్ట్‌మెంట్ జీతమిస్తుంది, రెండోదానికి మావాళ్లు సలహాలిస్తారు.

"గాజులు తీసి గ్లౌజులేమిటే తల్లీ?" అనేవారు అత్తగారు. నేను "నా గ్లౌజులు నా ఇష్టం" అన్నరోజున మాత్రం ఆవిడ మొహం మాడ్చుకున్నారు. "నాది, నాది అనకమ్మా. కోడలు 'మనది' అనాలి." సరేనని అలాగే నేర్చుకున్నాను. జీతం మనది. స్కూటర్ మనది. క్వార్టర్ మనది. అంట్లు మాత్రం ఎప్పుడూ నావే. ఏం వ్యాకరణమో!

ఆదివారం ఫైనల్. శుక్రవారం భోజనాల దగ్గర పెరుగన్నం కలుపుకుంటూ మా ఆయన అన్నారు: "ఇదే నీ చివరి మ్యాచ్. మీ కోచ్‌కి ఫోన్ చేసి చెప్పేశాను. తర్వాత హాయిగా ఆఫీసులో డెస్క్ పని చూసుకో. మనం అనుకున్నదేగా?"

ఆ 'మనం'లో నేనెప్పుడు చేరానో ఎంత ఆలోచించినా గుర్తురాలేదు. ఫౌల్ చేయకుండానే పెనిమిటి పెనాల్టీ వేశారు. నేను నోరెత్తకుండా ఊరగాయ వడ్డించాను.

ఆ మూసిన నోటితోనే మైదానంలో దిగాను. మొదటి సగంలో కుడివైపు నుంచి బంతి ఎత్తుగా వచ్చింది. నేను ముందుకురికాను. మా డిఫెండర్ బిమోలా వెనక్కొచ్చింది. ఇద్దరం ఢీకొని పడ్డాం. బంతి పిలవని పేరంటానికొచ్చినట్టు నింపాదిగా వలలోకి వెళ్లి కూర్చుంది.

విరామంలో కోచ్ హర్జీత్ దీదీ నా భుజాలు పట్టి ఊపేసింది. "చుప్ క్యోఁ హై తూ? నోరు లేదా? బంతి నీదైతే 'మేరా' అని అరువు. వేరేవాళ్లదైతే 'తేరా' అని అరువు. నోరు మూసుకుంటే గోలే, సమ్‌ఝీ?"

నవ్వొచ్చింది. 'మేరా' అంటే నాది, 'తేరా' అంటే నీది. చిన్నప్పుడు మైదానంలో అరిచిన 'నాది'యే అది, అత్తవారింట్లో అరిగిపోయింది.

రెండో సగంలో మా జట్టు రెండు గోల్స్ కొట్టింది. ఆఖరి నిమిషంలో మళ్లీ అదే కుడివైపు, అదే ఎత్తు బంతి. బిమోలా వెనక్కొస్తోంది. ఎదురుగా తాటిచెట్లలాంటి అమ్మాయిలిద్దరు. 'మేరా' అందామని నోరు తెరిచాను. ఎన్నేళ్లనుంచో లోపల మరుగుతున్నది పొంగుకొచ్చింది.

"నాదీ!"

ఆ స్టేడియంలో తెలుగొచ్చినవాళ్లు నేను కాక ఇద్దరే, గ్యాలరీలో కూర్చున్న మా ఆయనా, అత్తగారూ. అయినా బిమోలా ఠక్కున తప్పుకుంది. తాటిచెట్లు జంకాయి. అందరి తలల మీదుగా లేచి బంతిని గుండెకు హత్తుకుని కిందపడ్డాను. బీరువాలో ఎన్ని పట్టుచీరలున్నా, నా అసలు పట్టు అదీ!

విజిల్ మోగింది. జట్టంతా నా మీద కుప్పగా పడింది. అదేదో నా ముద్దుపేరనుకుని బిమోలా ఏడుస్తూ "నాదీ! నాదీ!" అని నన్నే పిలుస్తోంది.

మా ఆయన మైదానంలోకి వచ్చి నెమ్మదిగా గుర్తుచేశారు. "కోచ్‌తో నువ్వూ ఒక మాట చెప్పు మరి, మన నిర్ణయం."

"మన నిర్ణయమైతే నన్నూ అడిగేవారండీ," అన్నాను బురద తుడుచుకుంటూ. "ఆట నాది. వచ్చే ఏడూ ఆడతాను."

ఆయన వాళ్లమ్మ వంక చూశారు.

"నన్ను చూస్తావేంట్రా?" అన్నారు అత్తగారు. "నాది, నాది అని స్టేడియం అంతా వినపడేలా అరిచిందిగా. నీకొక్కడికే వినపడలేదా?"

ఇంటికొచ్చి కుర్చీలో కూలబడి బూట్ల లేసులు విప్పుకుంటున్నాను. మా ఆయన ఎప్పటిలాగే గుమ్మం పక్క సోఫాలో ఉన్నారు. అత్తగారు కాఫీకని స్టవ్ మీద గిన్నె పెట్టి, చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్లారు.

"ఇంద్రజా, పాలూ!"

లేవబోయిన మోకాళ్లను ఆపాను. బంతికి ఎవరు దగ్గరగా ఉన్నారో ఒక్కసారి చూసుకుని, స్టేడియం గొంతుతో అరిచాను.

"ఏమండీ, మీదీ!"