ఇద్దరికీ ఒకే సీసా

ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నవాళ్లు: మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్న భావనారాయణ, అతని తల్లి సుందరమ్మ, భార్య నీలవేణి, తొమ్మిది నెలల కవల ఆడపిల్లలు చిత్ర, లేఖ, టీకాలు వేయడానికి వచ్చిన నర్సు దయామణి. ఆమె నీలం పెట్టెలో నేను.

నేను ఒక ఐసుప్యాక్‌ను. ఏదో ఫ్యాక్టరీలో ప్లాస్టిక్ పలకగా పుట్టాను. నా కడుపులో ఉన్నవి మామూలు కుళాయి నీళ్లే. రాత్రి ఫ్రీజర్‌లో గడ్డకట్టడం, పగలు టీకా మందుల్ని చల్లగా ఉంచుతూ కరగడం, ఇదే నా బతుకు. పాత నర్సు నన్ను తీసిందే తడవుగా పెట్టెలో పడేసేది. దయామణి మాత్రం కాసేపు బయట ఉంచి, చెవి దగ్గర ఊపి, లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినిపించాకే సర్దుతుంది. మరీ గడ్డగా ఉన్నా కొన్ని మందులు పాడవుతాయట. ఇంట్లోవాళ్ల మాటలే సగం వినని మనుషులు, నన్ను మాత్రం చెవి పెట్టి వింటారు.

ఆ రోజు ఒకే సీసాలోంచి ఇద్దరు పిల్లలకీ తట్టు టీకా వేసింది. అయినా వేసవిలో లేఖకి తట్టు పోసింది. అదే ఉయ్యాలలో పడుకున్న చిత్ర ఒంటిమీద ఒక్క పొక్కూ లేదు.

సుందరమ్మ దయామణిని గుమ్మంలోనే ఆపేసింది.

"ఒకదానికే రెండుసార్లు పొడిచావు అమ్మాయ్. దీన్ని వదిలేశావు."

"లేదు మామ్మగారూ. ఇద్దరికీ వేశాను."

"కన్నతల్లే తడబడుతుంది వాళ్లతో. నువ్వు పోల్చుకున్నావా? కాదంటే నీ ఐసు నీరుగారిపోయుంటుంది."

ఆ మాట వీధంతా పాకింది. టీకా అంటే తల్లులు తలుపులు వేసుకున్నారు. దయామణి నన్ను ఒళ్లో పెట్టుకుని, "నిజంగానే పొరపాటు పడ్డానా?" అంది. నేనేం చెప్పను? మూత కింద ఉన్నాను. రెండు ఏడుపులు విన్నాను. ఒకే పిల్ల రెండుసార్లు ఏడ్వదా?

అయినా లేఖని, నీలవేణిని ఆసుపత్రికి తీసుకెళ్లింది దయామణే. పెట్టె భుజానే ఉంది కాబట్టి నేనూ వెళ్లాను.

"సూది వేశాక పిల్లల చేతులు చూశావా?" అని డాక్టరమ్మ నీలవేణిని అడిగింది.

"ఇద్దరి చేతులూ వాచాయండీ. ఇద్దరికీ తడిగుడ్డ వేశాను."

"అయితే ఇద్దరికీ పడింది. మందు పాడైతే చిత్రకీ తట్టు వచ్చేదేమో. కడుపులో ఉన్నప్పుడు తల్లి నుంచి పిల్లకి కొంత రక్షణ వస్తుంది. కొందరిలో అది ఎక్కువ రోజులు నిలిచి, టీకా నుంచి రోగాన్ని ఎదుర్కోవడం ఒంటిని నేర్చుకోనివ్వకుండా అడ్డుకుంటుంది. కొందరి ఒళ్లు ఎందుకు నేర్చుకోదో మాకూ తెలియదు. కవలలైనా ఇద్దరి ఒళ్లూ ఒకటి కాదుగా. అందుకే రెండో డోసు."

నీలవేణి లేఖ తల నిమిరింది. "నేనిచ్చిందే అడ్డుపడిందా తల్లీ," అని సన్నగా నవ్వింది. దయామణి గోడకి ఆనుకుని ఊపిరి వదిలింది. నాలో కరగాల్సిన చివరి ముక్క కూడా అప్పుడే కరిగింది.

లేఖ కోలుకుంది. రెండో డోసు రోజున సుందరమ్మే వీధిలోకి ఎదురొచ్చింది. చిత్ర చేతికి ఎర్రదారం, లేఖ చేతికి నల్లదారం.

"ఈసారి నన్ననకు అమ్మాయ్, గుర్తులు పెట్టాను."

"మిమ్మల్ని ఎప్పుడన్నాను మామ్మగారూ?"

"అనలేదులే. అన్నది నేనే," అంటూ ఆమె ముందు లేఖ చేయి చాపింది. వెనకాల పక్కింటి తల్లులు పిల్లల్నెత్తుకుని నిలబడ్డారు.

సాయంత్రం దయామణి నన్ను ఫ్రీజర్‌లో పెడుతూ, "రేపు వీధంతా తిరగాలి. బాగా గడ్డకట్టు," అంది.

తలుపు వేసింది.