కోట దగ్గర్నుంచి ఫోన్

మస్కట్‌లో పదమూడేళ్లు తాపీపని చేసి వచ్చిన జానయ్యకు ఇప్పుడు ఆ ఊరి పేరు వింటేనే గుండెల్లో రాయి పడుతోంది. అంతా కూతురు గీత చలవ. దిల్‌సుఖ్‌నగర్‌లో ట్రావెల్స్ ఆఫీసులో పనిచేసే ఆ పిల్ల, అమ్మానాన్నలకు నాలుగు రోజుల మస్కట్ యాత్ర బుక్ చేసి, గురువారానికి టికెట్లు చేతిలో పెట్టింది.

"గైడ్ వద్దన్న నాయినా. నీకంటె ఎక్కువ ఎవరికి తెలుసు?" అంది.

అంటూ ఒక పాత నోటుబుక్కు తీసింది. అక్కడున్నప్పుడు జానయ్య ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఇంటికి ఫోన్ చేసి, సెలవు పూట తాను ఏ వింత ముందు నిలబడ్డాడో చెప్పేవాడు. భార్య అండాలమ్మ విని, బడికి పోయే గీతతో రాయించేది. రేవుకు అటొకటి ఇటొకటి కాపలా ఉన్న జలాలీ, మీరానీ కోటలు. ఐదొందల ఏళ్ల కింద పోర్చుగీసువాళ్లు ఓడల మీద వచ్చి ఊరిని తగలబెట్టి పట్టుకున్న సంగతి, నూట నలభై ఏళ్లకు ఒమానీలు వాళ్లను తరిమేసిన సంగతి. ముత్రా బజారులో సాంబ్రాణి లాంటి లోబాన్ పొగ. వచ్చిన ఓడలవాళ్లు తమ ఓడ పేర్లు రేవు కొండల మీద రాసిపోయిన తెల్లటి అక్షరాలు.

అన్నీ నిజాలే. జానయ్య చూడలేదు, అంతే.

శుక్రవారాలన్నీ ఓవర్‌టైమే. ఈ కబుర్లన్నీ రూములో ఉండే కాకినాడ సాంబమూర్తివి. టూరిస్టు బస్సు నడిపే ఆయన "ఓసారి వచ్చి చూడండి జానయ్యగారూ" అని పిలిచి పిలిచి ఊరుకున్నాడు. మీర్‌పేట్‌లో ఇల్లు లేవాలంటే కోటలు చూస్తూ తిరిగితే అవుతుందా? కావాలని ఆడిన అబద్ధం కాదు. మొదటి శుక్రవారం అండాలమ్మ ఫోన్‌లో ఒకటే ఏడుపు. ఏం చేయాలో తోచక, కోట దగ్గర ఉన్నానన్నాడు పాపం. ఆమె ఏడుపాపి "ఎట్లున్నది?" అంది. ఆ ఒక్క మాటకు పదమూడేళ్లు ఇరుక్కుపోయాడు.

మంగళవారం ఇద్దరూ కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామిని దర్శించుకుని అరుగు మీద కూర్చున్నారు. ఎల్లుండే ప్రయాణం. ఇక దాచడం జానయ్య వల్ల కాలేదు.

"అండాలూ, కోపం చెయ్యకు. గా కోటలు నేను ఒక్కటి గూడ చూడలే. సైటు, రూము, గంతే."

అండాలమ్మ ప్రసాదం కొబ్బరి ముక్క నిదానంగా నమిలింది.

"ఎరికే," అంది.

జానయ్య గిరుక్కున ఆమె వైపు తిరిగాడు.

"కోటకాడ ఉన్న అనేటోనివి. ఎనక కాంక్రీటు కలిపే మిల్లరు తిరుగుతుండె. నువ్వొచ్చేదాంక ఎల్బీనగర్ సైట్లల్ల కాంక్రీటు మోసినదాన్ని. మిల్లరు సప్పుడు నాకు తెల్వదా? కోటల మిల్లరెందుకుంటది?"

"మరి ఎందుకు రాయిస్తివి?"

"నువ్వు మాట్లాడిన మాటలు పోతయని రాయించిన." ఆమె చీర కొంగు సర్దుకుంది. "అడిగితే చిన్నబోతవని అడగలే. గా సప్పుడు ఇనొస్తే నాకు పాణం నిమ్మళమయ్యేది. పని నడుస్తున్నది, మనిషి మంచిగున్నడు అనుకునేదాన్ని."

జానయ్యకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్ల సిగ్గు కరిగిపోయి, ఆ చోటంతా ఆమె మీద ప్రేమ నిండింది. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"గైడ్ గూడ లేడు. గాడ ఎట్ల తిరుగుదాం?"

"బుక్కంత నాకు నోటికొచ్చు. ఈపాలి నేను చెప్త, నువ్వు సూడు." లేచి నిలబడి ఆమె చెయ్యి చాచింది. "కోటలు తర్వాత. ముందుగాల నువ్వు నిలబడి నాకు ఫోన్ చేసిన జాగ సూపియ్యి. గదొక్కటి బుక్కుల లేదు."

ఆ దారి మాత్రం జానయ్యకు బాగా తెలుసు.