ఆకు కనబడని నేల

ఉదయం ఏడు గంటలకు ఆ అపార్టుమెంట్ల ఆవరణలో అడుగుపెట్టినవాళ్లకు చెప్పులతో తొక్కడానికి మనసొప్పేది కాదు. అంత శుభ్రంగా ఉండేది నేల. చుట్టూ ముప్ఫై పైచిలుకు చెట్లు, అన్నీ రోజూ ఆకులు రాల్చేవే. అయినా కింద చూస్తే ఒక్క ఎండుటాకు దొరికేది కాదు. నడకకు వచ్చిన పెద్దలు "తోటంటే ఇదీ!" అని మెచ్చుకునేవారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా ఓ పక్కన చీపురు పట్టుకుని నిలబడ్డ తోట మేస్త్రి ఛాతీ రెండంగుళాలు పెరిగేది. నేలను అద్దంలా ఉంచుతాడని అతనికి అద్దం మేస్త్రి అనే పేరు స్థిరపడిపోయింది. అసలు పేరుతో పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు, కట్టుకున్న భార్యతో సహా.

ఆ ఆకులన్నీ ఎక్కడికి పోతున్నాయని మాత్రం ఆ పెద్దల్లో ఒక్కరూ అడగలేదు. అడగరు కూడా. ఊడ్చిన చెత్త గేటు దాటిందంటే లోకం నుంచే మాయమైందని మనందరి నమ్మకం. మీ ఇంట్లోనూ అంతే, మా ఇంట్లోనూ అంతే.

పదిహేనేళ్ల కిందట ఒక చీపురు, ఒక కత్తెర, భార్య రెక్కల కష్టం పెట్టుబడిగా మేస్త్రి ఈ వ్యాపారం మొదలుపెట్టాడు. పని అడగడానికి వెళ్లిన ప్రతిచోటా ఒకటే మాట ఇచ్చేవాడు. "నా తోటలో నేలమీద ఒక్క ఆకు కనబడితే ఆ రోజు కూలి ఇవ్వకండి సార్." మిగతా మేస్త్రులు మొక్కల గురించి చెప్పుకుంటే ఇతను నేల గురించి చెప్పుకున్నాడు. జనానికి అదే నచ్చింది. చెట్టు ఆరోగ్యంగా ఉందో లేదో చెప్పాలంటే కాస్త తెలిసి ఉండాలి. ఆకు పడి ఉందో లేదో చెప్పడానికి కళ్లుంటే చాలు. ఒక ఆవరణ కాస్తా మూడయింది. వ్యాపారం మూడు పువ్వులు ఆరు కాయలుగా సాగింది. పోటీకి తట్టుకోలేక చుట్టుపక్కల మేస్త్రులు కూడా అదే మాట ఇవ్వడం మొదలుపెట్టారు.

మాట ఇచ్చాక ఆకుల్ని ఎక్కడో ఒకచోట పడెయ్యాలి కదా. మేస్త్రి ఉండే వీధిలో, అతని ఇంటి వెనకే, ఎవరిదో తెలియని ఖాళీ స్థలం ఒకటి ఉంది. రోజూ మధ్యాహ్నం బావమరిది ట్రాలీ ఆటోలో గోనెసంచులు తెచ్చి అక్కడ కుమ్మరించి అగ్గిపుల్ల గీసేవాడు. అతన్ని చూసి మరో ముగ్గురు మేస్త్రులూ అక్కడికే రావడం మొదలుపెట్టారు. పచ్చి రెమ్మలు, తడి గడ్డి కలిసిన ఆకులు భగ్గున మండవు. లోపల్లోపల రాజుకుంటాయి. పొద్దుగూకేదాకా పొగ నేలబారుగా ఇళ్లలోకి పాకేది.

పక్కింటి దర్జీ ఆవిడ ఒకరోజు తన గుమ్మం ముందే మేస్త్రిని నిలదీసింది.

"అన్నా, నేను కుట్టిన బట్టలు పొగ కంపు కొడుతున్నాయని తిప్పి పంపుతున్నారు. మా పిల్ల కళ్లు చూడు, ఎంత ఎర్రగా ఉన్నాయో."

"ఆకుల పొగే కదమ్మా, ఫ్యాక్టరీ పొగా ఏమన్నా? ఉన్న దోమలు కూడా పారిపోతాయి. నువ్వే నాకు ఓ చొక్కా ఊరికే కుట్టి పెట్టాలి," అని నవ్వేశాడు మేస్త్రి.

ఆవిడ నవ్వలేదు. లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

ఆ ఏడాది ఆకులు రాలే కాలంలో మేస్త్రి భార్యకు దగ్గు పట్టుకుంది. మొదట జలుబనుకున్నారు. తర్వాత నాలుగడుగులు వేస్తే ఆయాసం, నాలుగు మాటలు చెబితే ఆయాసం. ఊడ్చేటప్పుడు లేచే దుమ్మే కారణమని మేస్త్రి తేల్చేశాడు. మనిషి మొండివాడే గాని భార్య అంటే ప్రాణం. పదిహేనేళ్లు తనతో సమానంగా నడుం వంచిన మనిషి దగ్గి దగ్గి కళ్ల నీళ్లు పెట్టుకుంటుంటే చూడలేకపోయాడు.

"రేపట్నుంచి నువ్వు పనికి రావద్దు. ఇంట్లోనే ఉండు."

"ఇంట్లో ఉండి ఏం చెయ్యనయ్యా? నాకు తోటలోనే కాస్త బాగుంటుంది."

"ఏం బాగుంటుంది, ఆ దుమ్ములో? కాలు మీద కాలేసుకుని కూర్చో. పనంతా నేనూ మీ తమ్ముడూ చూసుకుంటాం."

ఆమె ఏదో చెప్పబోయింది. అతని మొహం చూసి ఊరుకుంది.

మేస్త్రి ఆమె మంచాన్ని వెనక గదిలో, కిటికీ పక్కన వేశాడు. గాలి బాగా తగులుతుందని. ఆ కిటికీకి, ఖాళీ స్థలంలో ఆకుల మంటకు మధ్య ఇరవై అడుగుల దూరం కూడా లేదు. ప్రేమగల మొగుడు చేసిన ఆ పని చూసి ఏడవాలో నవ్వాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇంట్లో ఆమె అలా నీరసించిపోతుంటే అక్కడ తోట కూడా అదే దారి పట్టింది. చెట్ల చిటారు కొమ్మలు ఎండిపోయాయి. కొత్త చిగుళ్లు పుట్టీ పుట్టకముందే పసుపుపచ్చగా మారాయి. మేస్త్రి ఎరువు బస్తాలు తెచ్చి పోశాడు, నీళ్లు రెట్టింపు చేశాడు. పోసిన నీళ్లు నేలలోకి ఇంకకుండా బండమీద పోసినట్టు జారి మురుక్కాలువలో కలిశాయి. రాలిన ఆకే చెట్టుకు తిండి, ఎండకు గొడుగు, తడికి దుప్పటి. ఆ తిండిని రోజూ నోటి దగ్గరినుంచి లాగేసి, బదులుగా సంచుల్లో ఎరువు కొని పోస్తున్నానని అతనికి తట్టలేదు. చెట్లు ఎందుకు చస్తున్నాయని అసోసియేషన్ సెక్రటరీ రోజూ చివాట్లు పెట్టేవాడు. మేస్త్రి తల దించుకుని ఇంకాస్త శుభ్రంగా ఊడ్చేవాడు.

ఒకరోజు సాయంత్రం నాలుగింటికి దర్జీ ఆవిడ ఫోన్ చేసింది.

"అన్నా, వదినకు ఊపిరి అందట్లేదు. గోళ్లు నీలం తిరుగుతున్నాయి. నేను ఆసుపత్రికి తీసుకెళ్తున్నా, నువ్వు అక్కడికే వచ్చెయ్!"

మేస్త్రి పరుగు తీశాడు. చేతిలో చీపురు ఎక్కడ పడేశాడో కూడా గుర్తులేదు.

రాత్రంతా ఆక్సిజన్ పెట్టి ఉంచారు. పొద్దున డాక్టరమ్మ వచ్చి మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆయాసం ఏ వేళప్పుడు ఎక్కువవుతుందమ్మా?"

"మధ్యాహ్నం మూడు నుంచి చీకటి పడేదాకా," అంది మేస్త్రి భార్య. గొట్టం పెట్టిన ముక్కుతో మాట సన్నగా వచ్చింది.

"అప్పుడేం పని చేస్తుంటావు?"

"ఏ పనీ లేదమ్మా. పడుకునే ఉంటా."

"ఇంట్లో కట్టెలు కాలుస్తారా? పోనీ చుట్టుపక్కల ఎవరైనా ఏమైనా కాలుస్తారా?"

ఆమె మొగుడి వైపు చూసింది. చూసి చటుక్కున కళ్లు దించుకుంది. ఆ చూపుతో మేస్త్రికి అంతా అర్థమైపోయింది.

"నేనే డాక్టరమ్మా. ఆకులు. మా ఇంటి వెనకే. నేనే కాల్పిస్తున్నా."

డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని అతనికి అనిపించింది.

"ఊపిరితిత్తులు సగం పైగా పాడయ్యాయి. పోయింది మళ్లీ రాదు. మిగిలింది కాపాడుకోవాలి. ఇంకొన్నాళ్లు ఆ పొగలో ఉంటే నేను చేయగలిగింది ఏమీ లేదు," అని లేచి వెళ్లిపోయింది.

మేస్త్రి మంచం కోడు పట్టుకుని కింద కూలబడ్డాడు.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పవేం?"

"చెబితే ఏం చేస్తావయ్యా? అక్కడ ఆకు కనబడితే పని పోతుంది. ఇక్కడికి తెస్తే కాల్చక తప్పదు. నీకు దారి లేదని నాకు తెలుసు. నేను దగ్గేది చాలక చెప్పి నిన్నూ ఏడిపించడం ఎందుకని ఊరుకున్నా."

మేస్త్రి ఏడ్చాడు. వార్డులో అందరూ చూస్తున్నారని తెలిసినా ఆపుకోలేక వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఆ మధ్యాహ్నమే ఆవరణకు వెళ్లాడు. ఆదివారం కావడంతో అసోసియేషన్ వాళ్లంతా కింద కుర్చీల్లో ఉన్నారు. మేస్త్రి నేరుగా ఒక గడ్డపార తెచ్చి, ఎండిపోతున్న బాదం చెట్టు మొదట్లో బలంకొద్దీ దించాడు. అది ఖణేల్‌మని ఎగిరిపడింది. అక్కడినుంచి జనరేటర్ గది వెనక్కి నడిచాడు. ఎవరికీ కనబడని ఆ మూలను అతను కూలికి పెట్టుకున్నవాళ్లు ఎన్నాళ్లుగానో ఊడ్చకుండా ఎగ్గొడుతున్నారు. మోకాలి లోతున ఆకులు కుళ్లి ఉన్నాయి. మొత్తం ఆవరణలో నిగనిగలాడుతున్న చెట్టు ఆ మూలన ఉన్న ఒక్కటే. చేత్తో తవ్వినా నల్లటి మట్టి పిండిలా వచ్చింది. దోసిట్లో ఆ మట్టి, అందులో కదులుతున్న వానపాములు పట్టుకొచ్చి అందరి ముందూ నిలబడ్డాడు.

"ఎరువు అక్కర్లేదు సార్. ఆకుల్ని చెట్ల మొదట్లోనే పరుచుదాం. కాండానికి తగలకుండా జానెడు ఎడం ఉంచుతా. మిగిలినవి ఆ మూల గుంటలో వేసి, పైన మట్టి చల్లి, తడిపి మాగబెడతా. కంపు రాదు, నీళ్లూ సగం చాలు. కాల్చడం మాత్రం ఇంక నావల్ల కాదు. నా భార్య చచ్చిపోతుంది సార్."

కొందరు అయ్యో అన్నారు. ఒక పెద్దాయన ఆ మట్టిని వేలితో తాకి చూశాడు. సెక్రటరీ మాత్రం కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"పాములొస్తే ఎవరిది పూచీ? ఇక్కడ పిల్లలు ఆడుకుంటారు. ఒక్క ఆకు ఉండదని మాట ఇచ్చింది నువ్వే కదా మేస్త్రీ?"

"నేనే సార్. ఆ మాటే తప్పు."

"నీ భార్య సంగతికి మేమూ బాధపడుతున్నాం. కానీ గేటు బయట నువ్వెక్కడ కాల్చుకుంటావో మాకేం సంబంధం? నీకు కుదరకపోతే ఇంకొకర్ని చూసుకుంటాం."

మట్టిని తాకిన పెద్దాయన జేబురుమాలుతో వేలు తుడుచుకున్నాడు. మేస్త్రి దోసిట్లో మట్టిని బాదం చెట్టు మొదట్లో పోసి, సామాన్ల గది తాళంచెవి బల్లమీద పెట్టి బయటికొచ్చాడు.

"బావా, తొందరపడ్డావు. ఈ కబురు తెలిస్తే మిగతా రెండు చోట్లా పంపించేస్తారు," అన్నాడు ట్రాలీ ఆటోలో కూర్చున్న బావమరిది.

"పంపించనీ. మీ అక్క ఉంటే మళ్లీ చీపురు దగ్గర్నుంచి మొదలుపెడతా."

మూడో రోజు ఆమెను ఇంటికి తెచ్చారు. ఆటో వీధి మలుపు తిరిగేసరికి ఎదురుగా పొగ. మేస్త్రి తన సంచులు ఆపేశాడు గాని మిగతా ముగ్గురూ ఆపలేదు. ఎందుకు ఆపుతారు? ఆమె ఆటో దిగి నాలుగడుగులు వేసి, దర్జీ ఆవిడ ఇంటి మెట్టుమీద కూలబడిపోయింది. నోరు తెరిచి గాలి కోసం ఎగబీలుస్తోంది. పది అడుగుల దూరంలో ఉన్న సొంత ఇంటికి వెళ్లలేకపోయింది. దర్జీ ఆవిడ తడిగుడ్డ తెచ్చి ముక్కుకు అడ్డం పెట్టి, వీపు నిమురుతూ కూర్చుంది.

మేస్త్రి పార పట్టుకుని ఖాళీ స్థలంలోకి పరుగెత్తాడు. పిచ్చివాడిలా మట్టి తవ్వి మంటమీద పోయసాగాడు. సంచులు దించుతున్న మేస్త్రులు బిత్తరపోయారు. వాళ్లలో ఒకడు, అందరూ కుండీల మేస్త్రి అని పిలిచేవాడు, ముందుకొచ్చి అతని చెయ్యి పట్టుకున్నాడు.

"ఏంటన్నా ఇది? ఈ చోటు చూపించింది నువ్వు. ఈ పని నేర్పింది నువ్వు. నీ సంచులు వచ్చినన్నాళ్లూ ఇది పొగ కాదా? ఇప్పుడు కాల్చొద్దంటే మేమెక్కడికి పోవాలి? ఆకు కనబడితే మాకూ పని పోతుంది కదా."

ఆ మాటలో తప్పులేదు. మేస్త్రి పార మీద బరువు ఆన్చి, ఆయాసపడుతూ, పొగలోంచి ఆ మెట్టు వైపు చెయ్యి చూపించాడు. ముగ్గురూ అటు తిరిగి చూశారు.

"నేర్పింది నేనే తమ్ముడూ, కాదనను. పదిహేనేళ్లు మీ అందరికంటే బాగా ఊడ్చానని విర్రవీగాను. ఇన్నాళ్లూ ఊడ్చిందంతా తెచ్చి ఎక్కడ పోశానో అదిగో చూడండి, ఆ మెట్టుమీద కూర్చుని ఉంది. పని పోతే మళ్లీ వెతుక్కుందాం, నలుగురం కలిసి అడుగుదాం, ఒప్పుకునేదాకా అడుగుదాం. ఇవాళ మాత్రం సంచులు ఎత్తుకుని వెనక్కి పొండి, మీ కాళ్లు పట్టుకుంటా. ఒకరి వాకిలి శుభ్రం కావడానికి ఇంకొకరి ఊపిరి తీసే హక్కు ఈ భూమ్మీద ఎవరికీ లేదు."