దొరసాని కుర్చీ ఎక్కడం లేదు

మావారు పోయిన రోజు నుంచి దొరసాని ఆయన కుర్చీ ఎక్కలేదు. పన్నెండేళ్ల పిల్లి అది. కుర్చీ పక్కన నేల మీద పడుకుని, ఎవరైనా అటు వెళితే తలెత్తి చూసేది. దుఃఖమనుకున్నాను. నన్నెవరూ కదిలించకూడదని కోరుకున్నట్టే దాన్నీ కదిలించలేదు. నాలుగు నెలలు గడిచేసరికి తిండి సగానికి తగ్గించింది. ఆయన వెనకే పోతుందేమో, పోతే పోనిద్దామనుకున్నాను.

మా ఆడపడుచు ఊరుకోలేదు. "నువ్వు బెంగ పెట్టుకో వదినా, కాదనను. దానికి అంటించకు," అంటూ పిల్లిని బుట్టలో పెట్టి, మమ్మల్నిద్దర్నీ పశువైద్యురాలి దగ్గరికి లాక్కొచ్చింది.

వైద్యురాలు పిల్లిని వెంటనే ముట్టుకోలేదు. గది తలుపు గడియ వేసి, బుట్ట మూత తీసి, తనూ నేల మీద కూర్చుంది.

"కుంటడం లేదండీ. బెంగ, అంతే," అన్నాను.

"పిల్లి ఒక పట్టాన కుంటదు టీచరుగారూ. ప్రాణం పోతున్నా పరువు పోనివ్వదు."

"అచ్చం మా అన్నయ్యే," అంది ఆడపడుచు.

కాసేపటికి దొరసాని బయటికి వచ్చి గోడ వారగా నడిచింది. వైద్యురాలు వెనక నుంచి చూస్తూ, "నడుం మీద బొచ్చు ఉండలు కట్టింది చూడండి. నాక్కోవడానికి అంతదాకా వంగలేకపోతోంది," అంది. తర్వాత ఒళ్లోకి తీసుకుని ముందు కాళ్ల నుంచి ఒక్కొక్క కీలే వంచి చూసింది. వెనక ఎడమకాలు తుంటి దగ్గర చాపగానే దొరసాని గిర్రున తిరిగి ఆవిడ మణికట్టు కరిచింది.

"హమ్మయ్య, నోరు విప్పింది!" అని నవ్వి చెయ్యి కడుక్కుంది. "తుంటి కీళ్లు అరిగినట్టున్నాయి. ఎక్స్‌రే తీద్దాం. ఇది నాలుగు నెలల సంగతి కాదు. ఏడాది పైనే అయుంటుంది ఇది పైకి ఎగరలేక."

"లేదండీ, రోజూ ఆయన ఒళ్లోనే ఉండేది."

"ఎగరడం మీరు చూశారా?"

నేను బడి నుంచి వచ్చేసరికే అది ఒళ్లో ఉండేది. ఆయన చొక్కాలకు ఎడమచేతి మీద మోచేతి దాకా బొచ్చు. ఉతికేటప్పుడల్లా సణిగేదాన్ని.

"ఆయన ఎత్తుకునేవారు," అన్నాను.

అది ఇన్నాళ్లూ ఆ కుర్చీ పక్కన, ఎవరైనా ఎత్తుతారని కాచుకుని ఉంది. నేను దాన్ని దాటుకుంటూ తిరిగాను.

"బెంగా ఉండొచ్చు," అంది వైద్యురాలు మెల్లగా. "దానికి నా దగ్గర మందు లేదు. నొప్పికి ఉంది. రక్తపరీక్ష బాగుంటే ఇవాళే మొదలుపెడదాం. నొప్పి తగ్గితే తింటుంది. ముందు మీరు ఎత్తడం నేర్చుకోండి. ఒక చెయ్యి రొమ్ము కింద, ఒకటి వెనక కాళ్ల కింద. నిండు గిన్నె ఎత్తినట్టు."

మొదటిసారి గీరింది. రెండోసారి ఒళ్లంతా బిగబట్టింది. మూడోసారి నా మోచేతి మీద గడ్డం ఆనించింది. ఇంత తేలికైపోయిందని నాకు తెలియదు.

"దొరసాని కదా వదినా, రోజుకి పదిసార్లు ఎత్తమంటుంది," అంది ఆడపడుచు, ముక్కు తుడుచుకుంటూ.

"ఎత్తుతాను," అన్నాను.