కుర్మయ్య దాచిన పని

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు దిద్దింది మనవలు పుట్టిన తర్వాత. ఒత్తులు, దీర్ఘాలు ఇప్పటికీ నా మాట వినవు. ఒక్కో పేజీకి వారం పట్టింది. తప్పులు కనబడితే మన్నించి, దిద్దుకుని చదవండి.

రెండు వేల మూడో సంవత్సరం ఎండాకాలంలో, శామీర్‌పేట నుంచి తుర్కపల్లి పోయే దారిలో మూతపడిన కోళ్ళ షెడ్డు మీద ఒక బోర్డు లేచింది. పాత కార్లను బాగు చేసే పని ఇక్కడ నేర్పుతామనీ, ఎవరైనా రావచ్చనీ, ఫీజు లేదనీ దాని మీద రాసి ఉంది.

అత్వెల్లి రోడ్డు పక్కన టింకరింగ్ షెడ్డు నడిపే కుర్మయ్య ఆ బోర్డును స్కూటర్ ఆపి మరీ చదివాడు. "ఎవరైనా" అన్న మాటను రెండోసారి చదివాడు.

"ఊర్కెనే నేర్పుతడట," అన్నాడు పక్క షెడ్డులో పంక్చర్లు వేసే మొగులయ్య.

"ఊర్కెనే ఎండుచేప పెట్టేది ఎలుక బోన్లనే."

"నాకైతే ప్లాట్ల బేరం లెక్క కొడుతాంది కుర్మన్నా. ఇయ్యాల కార్లంటడు, రేపు హద్దురాళ్ళు పాతుతడు."

"రాళ్ళు పాతుకోనీ. మన పని మీద కన్నేస్తేనే పరేషాన్."

కుర్మయ్య పని అంటే సీసం పని. పాత కారు రేకుకు సొట్ట పడితే అందరూ పుట్టీ మెత్తి పైన రంగు కొడతారు. రెండేళ్ళకు అది పగిలి ఊడుతుంది. కుర్మయ్య అలా చేయడు. రేకును తెల్లగా గీకి, తేజాబ్ అనే ఘాటు యాసిడ్ పూసి, పైన తగరం కలాయి పట్టించి, మంటతో సీసాన్ని వెన్నలా మెత్తబరచి, చెక్కతో నున్నగా అద్దుతాడు. రేకు ఉన్నన్నాళ్ళూ ఆ అతుకు ఉంటుంది. మేడ్చల్ చుట్టుపక్కల ఆ పని తెలిసినవాడు అతనొక్కడే.

ఆ విద్య అతనికి ఎవరూ చేతిలో పెట్టలేదు. లాలాగూడలో ఉస్తాద్ దగ్గర పదకొండేళ్ళు చేశాడు. సీసం అద్దడం అయిపోగానే ఉస్తాద్ "జల్దీ ఛాయ్ పట్టుకరాపో" అని పంపేవాడు. తిరిగొచ్చేసరికి రేకు తడితడిగా ఉండేది. ఏం చేశావని అడిగితే చెంప పగిలేది. పదకొండో ఏట ఒకరోజు హోటల్ మూసి ఉండి కుర్మయ్య ముందే వెనక్కొచ్చాడు. ఉస్తాద్ రేకును బట్టల సోడా కలిపిన నీళ్ళతో రుద్దిరుద్ది కడుగుతున్నాడు. తేజాబ్ విషం చచ్చేది ఆ నీళ్ళతోనే. కడగకపోతే ఆ విషం సీసం అడుగున దాక్కుని, రంగు కింద నుంచి పొక్కులై లేస్తుంది. అంతే రహస్యం. అది తెలిశాక కుర్మయ్య కూడా తన దగ్గర చేరినవాళ్ళందరినీ సరిగ్గా ఆ వేళకే ఛాయ్‌కి పంపుతూ వచ్చాడు.

కోడలు స్రవంతి పెళ్ళయి వచ్చిన ఏడాదికే ఆ పని నేర్పమని అడిగింది. ఆడపిల్లకు తేజాబ్‌తో ఏం పని అని అతను మాట తప్పించాడు. బోర్డు లేచిన నెలకు ఆమె రొట్టెలు చేస్తూ చెప్పింది.

"మామా, నేను కోళ్ళ షెడ్డు కాడ చేరిన."

కుర్మయ్య ముద్ద నోటి దగ్గరే ఆపాడు. "ఎవలనడిగి?"

"మీ కొడుకునడిగిన. ఆయన నడిపే కంపెనీ కారు అటేగ పోయేది, దింపి పోతనన్నడు."

"ఆడు నీకేం నేర్పడు. నీతోని మా ఇంటి పని గుంజుకుంటడు."

"మీ ఇంటి పని నాకు మీరు నేర్పితే గద మామా ఆయన గుంజుకునేది," అంది స్రవంతి, రొట్టె తిప్పుతూ.

మర్నాడు కుర్మయ్య ఆ షెడ్డు వెనక వైపు వెళ్ళి కిటికీ జాలీ లోంచి చూశాడు. లోపల ఆరుగురున్నారు. ఇటుక బట్టీలో చేసి నడుము పట్టేసిన నర్సమ్మ ఉంది. కాలు ఈడ్చే మంగలి ఒకడున్నాడు. మధ్యలో శామీర్‌పేట పటేలు అంజయ్య వాళ్ళ తాతనాటి ఆస్టిన్ కారు, తలుపులు ఊడదీసి ఉంది. ఆ షెడ్డు కూడా అంజయ్యదే. కారు బాగుపడితే షెడ్డు ఉంచుకోండి, లేదంటే ఖాళీ చేయండి అని అతను ముందే తేల్చి చెప్పాడట.

"లోపలికి రండి కుర్మయ్యగారూ, ఎండలో ఎందుకండీ," అంది వెనక నుంచి ఒక గొంతు.

నేర్పే మనిషి అతనే, పేరు బుల్లిబాబు. గోదావరి వైపు మనిషి, బస్సు డిపోలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. తన పేరు అతనికెలా తెలుసు? కుర్మయ్య అనుమానం ఇంకో మెట్టు ఎక్కింది.

"ఇంజను నాకు వచ్చండి. రేకు పని రాదు. మీరు ఒక్క పూట వచ్చి చూపిస్తే వీళ్ళు బతికిపోతారు."

"నీకేం మిగులుతది దీంట్ల?"

బుల్లిబాబు చేతులకంటిన గ్రీజు తుడుచుకున్నాడు. "మా డిపోలో ఒకాయన ఉండేవారండి. పాత బండి చప్పుడు వింటే రోగం చెప్పేసేవారు. ఆయనతోనే పోయిందది. మాకెవరికీ చెప్పలేదు."

ఇంత చక్కగా చెప్పాడంటే ఇది ముందే తయారు చేసుకున్న మాటే అనుకున్నాడు కుర్మయ్య. అయినా ఒప్పుకున్నాడు. లోపల ఉంటేనే దొంగ ఎటునుంచి వస్తాడో తెలుస్తుంది.

ఆ ఆదివారం అతను అందరి ముందూ ఒక రేకు మీద సీసం అద్ది చూపించాడు. స్రవంతి నోటుబుక్కులో ప్రతిదీ రాసుకుంది. సీసం అద్దడం అయిపోగానే కుర్మయ్య నడుము నిటారు చేసి, "ఇగ పోయి ఒక ఛాయ్ తాగొద్దాం అందరం. మీరు నడువుండ్రి, నేను చేతులు కడుక్కొనొస్త," అన్నాడు. వాళ్ళు తిరిగొచ్చేసరికి సోడా నీళ్ళ పని అయిపోయింది.

రెండు వారాల్లో ఆస్టిన్ ఎడమ తలుపు స్రవంతి ఒక్కతే చేసింది. బుల్లిబాబు ఆ సంగతి అంజయ్యకు పేరుతో సహా చెప్పాడు. తలుపు ఆకుపచ్చ రంగు వేసుకుని అద్దంలా మెరిసింది. స్రవంతి ఇంట్లో నడిచే నడకే మారిపోయింది. ఆ వారమే అంజయ్య బావమరిది తన పాత ఫియట్ కారు ఈ అమ్మాయే చెయ్యాలని కబురు పంపాడు. కుర్మయ్య తలుపును వేలితో నిమిరి చూసి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి అన్నం సగమే తిన్నాడు.

శ్రావణంలో వానలు పట్టుకున్నాయి. మూడో వానకు ఆ తలుపు మీద కందిగింజలంత పొక్కులు లేచాయి. వేలితో నొక్కితే తెల్లటి నీరు కారింది.

అందరూ అందరినీ అనుమానించారు. రంగులో నీళ్ళు కలిశాయన్నాడు మంగలి. పటేలంటే గిట్టనివాళ్ళు ఏదో పూశారంది నర్సమ్మ. మొగులయ్య అయితే సంబరంగా వచ్చి, "చెప్పిన్నా లేదా, ఆడోళ్ళ చేతికి మంటిస్తే గట్లనే అయితది," అన్నాడు. కుర్మయ్య ఆ మాటకు నవ్వలేకపోయాడు.

సాయంత్రం స్రవంతి నోటుబుక్కు తెచ్చి అతని ముందు పెట్టింది.

"మామా, ఇది చదువుండ్రి. తొమ్మిదోది."

తొమ్మిదో వరసలో ఇలా ఉంది: సీసం అద్దిన తర్వాత ఒక ఛాయ్ తాగేంత సేపు ఆగాలి.

"మేం ప్రతి రేకుకూ ఛాయ్ తాగినం మామా. గడియారం చూసుకుంట తాగినం. సీసం చల్లారనీకి అనుకున్నం. ఆ నర్సమ్మకు ఛాయ్ పడదు, అయినా తాగింది."

కుర్మయ్య పుస్తకం మూసి పక్కన పెట్టాడు.

"గా సేపట్ల మీరేం జేసిన్రు?" అని అడిగింది స్రవంతి.

"చేతులు కడుక్కున్న."

ఆమె అతని మొహంలోకి చూసింది. తర్వాత పుస్తకం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ చూపును బట్టి ఆమెకు అర్థమైందని అతనికి తెలిసిపోయింది. రేపు అందరి ముందూ తన పేరే చెబుతుందనుకున్నాడు. చెప్పనీ, నేను కాదంటాను, కోడలి మాట కన్నా నా మాటే నమ్ముతారు అని లెక్క కూడా వేసుకున్నాడు.

మర్నాడు అంజయ్య జీపులో దిగాడు. వస్తూనే తలుపు మీద పొక్కును బొటనవేలితో చిదిమాడు.

"ఎవలు జేసిన్రు దీన్ని?"

"నేనే పటేలా," అంది స్రవంతి.

"ఎవలు నేర్పిన్రు?"

కుర్మయ్య గోడకు ఆనుకుని ఉన్నాడు. బుల్లిబాబు అతని వైపు చూడకుండా ఎటో చూస్తున్నాడు. ఆయనకూ తెలుసా? ఇదంతా తన నోట చెప్పించడానికి పన్నిన పన్నాగమా? అప్పటికీ అతనికి అదే అనుమానం.

"నేర్పింది మంచిగనే నేర్పిన్రు," అంది స్రవంతి. "చేసుడు నాకు రాలె. తప్పు నాదే."

"అయితే నువ్వు ఇగ నా కారు ముట్టకు. మా బావమరిదికి గూడ చెప్త. బుల్లిబాబూ, వారంల షెడ్డు ఖాళీ చెయ్యి."

స్రవంతి సరేనన్నట్టు తలూపి, చేతి గుడ్డ మడత పెట్టడం మొదలుపెట్టింది. ఇంటి పేరు కాపాడుతున్నానని ఆమె మొహంలో ఎక్కడా లేదు. ఇక ఈ మనిషి దగ్గర అడగడానికి ఏమీ లేదన్నట్టు ఉంది. కుర్మయ్య ఎన్ని నిందలకైనా సిద్ధపడి వచ్చాడు గానీ దీనికి సిద్ధపడలేదు.

"ఆగు పటేలా," అన్నాడు. "పిల్ల తప్పేం లేదు. నేనొక పని చెప్పలె."

"మరిచినవా?"

"మరువలె. దాచిన."

అతను తలుపును బల్ల మీద పడుకోబెట్టి, రంగు గీకి, సీసం కరిగించి దింపాడు. రేకును మళ్ళీ తెల్లగా చేసి సీసం అద్దాడు. బక్కెట్లో సోడా కలిపి, ఆరుగురినీ దగ్గరకు పిలిచి, వేళ్ళు ముంచి చూడమన్నాడు. నీళ్ళు జారుడుగా తగలాలని, రుద్దేటప్పుడు నురగ ఆగిపోయేదాకా ఆపకూడదని చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఒక్కొక్కరి మొహమూ చూస్తూనే ఉన్నాడు, వీళ్ళలో తన గిరాకీ ఎవరు ఎత్తుకుపోతారా అని.

"గింతేనా," అంది నర్సమ్మ. "గింత దానికి మా కడుపుల నిండ ఛాయ్ పోసినవా అన్నా?"

కుర్మయ్యకు నవ్వు రాలేదు గానీ, కోపం కూడా రాలేదు.

అంజయ్య మాత్రం కరగలేదు. "ఒకపాలి దాచినోడు రెండోపాలి దాచడని ఏం నమ్మకం? ఇప్పుడు నీ చేత్తోని చేసినవు, మంచిగుంటది. రేపు ఈ పిల్ల చేస్తే మల్ల పొక్కులే."

"నమ్మకం లేకుంటే కూసో పటేలా," అన్నాడు కుర్మయ్య. "కుడి తలుపు ఇంక ఉన్నది. మొదటికెల్లి చివరిదాక నా కోడలే చేస్తది. నేను నోరు తెరువ, చెయ్యి పెట్ట. వానలు గూడ పడుతానయి, మూడు వానలకు తెలుస్తది పనంతా ఉన్నదో లేదో."

అంజయ్య ఒక పాత టైరు లాక్కుని కూర్చున్నాడు. స్రవంతి మడత పెట్టిన గుడ్డ విప్పింది.

ఇది రాసింది యాదవ్వ, అరవై ఆరేళ్ళు. ఇప్పుడు ఉండేది లాల్‌గడి మలక్‌పేట్.